'పరాయీకరణ' వెనుక ఉన్న జర్మన్: ఒక పారిభాషిక పదం, తెలుగు విమర్శ

కీలక పదాలు: పరాయీకరణ, అన్యాక్రాంతం, అపరిచితీకరణ, జర్మన్ అధ్యయనం, పరిభాష, ఒగ్గుకథ, ఆదిలాబాద్ గోండులు.

ఉపోద్ఘాతం

మంథనిలో నేను పాఠం చెప్పే తరగతిలో మూడేళ్ల కిందట ఎదురైన ఒక ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. ఆధునిక తెలుగు నవలను బోధిస్తూ 'పరాయీకరణ' అనే పదాన్ని పరిచయం చేశాను. మనిషి తాను చేసే పనికీ, తోటివారికీ, చివరకు తనకు తానే దూరం కావడం అని నిర్వచనం రాయించాను. వెనుక వరుసలోని ఒక విద్యార్థి లేచి, "సార్, మా తాత భూమి ఓపెన్‌కాస్టుల పోయింది. ఇంగ్లీషు మీడియమోళ్ల పుస్తకంల దాన్ని గూడ ఎలియనేషనే అని రాసిండ్రు. రెండూ ఒకటేనా?" అని అడిగాడు. రెండూ వేర్వేరు శాస్త్రాల మాటలని, వాటికి సంబంధం లేదని చెప్పి ముందుకు సాగాను. నా జవాబు తప్పు. అది తప్పని తెలుసుకోవడానికి నేను జర్మన్ పుస్తకం తెరవవలసి వచ్చింది.

ఒక్క ఇంగ్లీషు మాట మాటున కనీసం మూడు జర్మన్ మాటలు ఉన్నాయని, వాటిని విడదీసి చూడనందువల్ల తెలుగు విమర్శలో కొన్ని పొరపాటు నిర్ణయాలు స్థిరపడే ప్రమాదం ఉందని ప్రస్తుత వ్యాసంలో ప్రతిపాదిస్తున్నాను. దానికి ఆధారాలను వీలైనంతవరకు ఉత్తర తెలంగాణ జీవితం నుంచి, సాహిత్యం నుంచి తీసుకున్నాను.

తెలుగుకు జర్మన్ ఎందుకు దూరమైంది

కన్నడ పరిశోధకునికి కిట్టెల్ పేరు, మలయాళ పరిశోధకునికి గుండర్ట్ పేరు ఇంటి పేర్ల వంటివి. 1872లో వెలువడిన మలయాళ నిఘంటువు, 1894లో వెలువడిన కన్నడ నిఘంటువు జర్మన్ మిషనరీల కృషి. ఆ భాషల ఆధునిక చరిత్రలో జర్మన్ ఒక భాగమైపోయింది. తెలుగుకు ఆ స్థానంలో బ్రౌన్ ఉన్నాడు. కుంఫిణీ ఉద్యోగి, ఇంగ్లీషువాడు. అందువల్ల పాశ్చాత్య ప్రపంచంతో మన పాండిత్య సంబంధమంతా ఇంగ్లీషు ద్వారానే జరగాలన్నది సహజంగా తోచింది.

బ్రౌన్‌కు శతాబ్దం ముందే ఒక జర్మన్ తెలుగు నేర్చుకున్నాడన్నది మన సాహిత్య చరిత్రల్లో ఒకటి రెండు వాక్యాలతో ముగిసే విషయం. హాలె విశ్వవిద్యాలయ వాతావరణంలో తయారైన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉండి 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. అది అచ్చు కావడానికి 1984 వరకు ఆగవలసి వచ్చింది, అదీ హాలెలోనే. తొలి తెలుగు అచ్చు పుస్తకాలుగా మన చరిత్రకారులు గుర్తించినవి 1746-47 ప్రాంతంలో ఆ నగరంలోనే ముద్రితమయ్యాయి. మద్రాసు పట్టణ జీవితాన్ని సంభాషణల రూపంలో మొదట తెలుగులో రాసి, అనువాదాలతో 1750లో అక్కడే ప్రచురించాడు. పద్దెనిమిదో శతాబ్దపు వాడుక తెలుగుకు సాక్ష్యమైన ఆ సామగ్రి చుట్టూ ఉన్న మిషన్ నివేదికలు, ఉత్తరాలు చాలావరకు జర్మన్‌లో ఉన్నాయి. తెలుగు శాఖల్లో వాటిని చదవగలిగేవారు ఎందరు?

మంథనిలో ఈ ప్రశ్నకు ఒక అదనపు బరువుంది. ఇది వేదపండితుల ఊరు. ఇక్కడి అధ్యయన సంప్రదాయంలో సాయణుని పేరు తెలియనివారు ఉండరు. ఆ సాయణ భాష్యంతో ఋగ్వేదాన్ని 1849 నుంచి 1874 వరకు ఆరు సంపుటాలుగా అచ్చుకెక్కించినవాడు జర్మనీలోని డెస్సావులో పుట్టిన మాక్స్ ముల్లర్. 1957 నుంచి రెండు దశాబ్దాల పాటు ఈ నియోజకవర్గానికి శాసనసభ్యుడుగా ఉన్న పి.వి. నరసింహారావు బహుభాషావేత్త. 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తీసుకుపోయినవాడు. ఇట్టి ఊళ్లో మూలభాష నేర్చుకోవాలనే మాట వింతగా వినిపించకూడదు. అయినా వినిపిస్తుంది.

మూడు మాటలు

'ఎలియనేషన్' అని ఇంగ్లీషులో ఒకటిగా కనిపించేదాన్ని జర్మన్ మూడుగా చూస్తుంది.

మొదటిది ఎంట్‌ఫ్రెమ్‌డుంగ్. ఇందులోని 'ఫ్రెమ్‌డ్' అంటే పరాయి, కొత్త, అన్యమైన అని అర్థం. తనదైనది తనకు పరాయిగా మారి ఎదురునిలవడం దీని భావం. తెలుగు 'పరాయీకరణ' ఈ మాటకు చక్కగా సరిపోతుంది. మన పూర్వ మార్క్సిస్టు రచయితలు ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నప్పటికీ మూలానికి దగ్గరగా వచ్చారు. ఇటువంటిది ఇంకొకటి ఉంది. ఇంగ్లీషు 'సర్‌ప్లస్'ను అనుసరిస్తే 'మిగులు విలువ' అవుతుంది. జర్మన్ మాట 'మేర్‌వేర్ట్'లోని 'మేర్'కు ఎక్కువ, అదనం అని అర్థం. 'అదనపు విలువ' అన్నవారు తెలిసో తెలియకో జర్మన్‌కే దగ్గరయ్యారు. మిగులు అంటే ఖర్చు పోగా మిగిలినది. అదనం అంటే కొత్తగా చేరినది. విలువ ఉత్పత్తిలో పుడుతుందన్న వాదానికి రెండో మాటే తగినది.

రెండోది ఎంట్‌ఆయ్‌సెరుంగ్. 'ఆయ్‌సెర్' అంటే బయటిది. తనలోనిదాన్ని బయటపెట్టడం, విడిచివేయడం, హక్కు వదులుకోవడం అనే అర్థాలు ఇందులో కలిసి ఉన్నాయి. దీనికి సోదరపదమైన ఫెర్‌ఆయ్‌సెరుంగ్ అంటే ఆస్తిని అమ్మడం, ఇతరులకు దఖలుపరచడం. హెగెల్ 1807 నాటి గ్రంథంలోనే మొదటి రెండు మాటలూ పక్కపక్కన నడుస్తాయి. హక్కుల తత్త్వాన్ని చర్చించిన తరువాతి గ్రంథంలో ఆస్తిని వదులుకోవడం గురించి చెప్పేటప్పుడు ఆయన ఈ 'ఆయ్‌సెర్' కుటుంబపు మాటలనే వాడాడు. మార్క్స్ 1844 రాతప్రతుల్లో కూడా రెండూ ఉన్నాయి. అవి 1932లో గాని పూర్తిగా వెలుగు చూడలేదు.

ఇంగ్లీషు అనువాదకులు ఇక్కడ ఒక్క దారిలో నడవలేదు. మాస్కో నుంచి 1959లో వచ్చిన మిలిగన్ అనువాదంలో శ్రమను గురించిన ప్రసిద్ధ అధ్యాయం శీర్షిక 'ఎస్ట్రేంజ్డ్ లేబర్'. 1963 నాటి బొటమోర్ అనువాదంలో అదే అధ్యాయం 'ఎలియనేటెడ్ లేబర్'. ఏ పుస్తకం చేతికి దొరికితే ఆ మాట తెలుగులోకి వస్తుంది. ఒకే మూలవాక్యం గురించి ఇద్దరు పరిశోధకులు రెండు సిద్ధాంతాలు ఉన్నట్లు వాదించుకునే స్థితి ఇలా ఏర్పడుతుంది.

ఇంగ్లీషును దోషిగా నిలబెట్టడం మాత్రం న్యాయం కాదు. లూకాచ్ 'యువ హెగెల్' గ్రంథంలో చూపినట్లు ఈ జర్మన్ మాటలకే వెనుక ఇంగ్లీషు ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు ఆర్థిక, న్యాయ గ్రంథాల్లో 'ఎలియనేషన్' అంటే సరుకును అమ్మడం, హక్కును బదలాయించడం. ఆ మాటను తత్త్వశాస్త్రానికి ఎక్కించడానికి జర్మన్లు తమ మాటలు వెతుక్కున్నారు. అంటే మనసు పరాయి కావడమనే భావన పుట్టింది ఆస్తి పరాయి కావడమనే భావన నుంచే. నా విద్యార్థి అడిగిన ప్రశ్నకు సరైన జవాబు ఇదీ.

మూడోది ఫెర్‌ఫ్రెమ్‌డుంగ్. బ్రెహ్ట్ నాటక సిద్ధాంతపు మాట. దీన్ని తరువాత చర్చిస్తాను.

'అసమర్థుడు' మళ్లీ చదివితే

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'ను మనం సాధారణంగా మనోవిశ్లేషణాత్మక నవలగా బోధిస్తాం. సీతారామారావు న్యూనతాభావం, అహం, పతనం, చివరి బీభత్సం మన పాఠాల్లో వరుసగా వస్తాయి. పరాయీకరణ ప్రస్తావన తెచ్చినప్పుడు కూడా అది అతడి మనసుకు సంబంధించినదిగానే తెస్తాం. అయితే కథ ఎక్కడ మొదలవుతుంది? వంశ ప్రతిష్ఠ నిలబెట్టాలన్న తండ్రి మాటతో, దానికోసం ఆస్తి కరిగిపోవడంతో మొదలవుతుంది. అతడు ఆస్తిని పోగొట్టుకున్నది వ్యసనాలవల్ల కాదు. తాను ఎవరో లోకానికి చూపించుకోవడానికి దాన్ని బయటపెట్టి, వదులుకున్నాడు. తనను తాను బయటపెట్టుకోవడమూ, ఆస్తిని వదులుకోవడమూ ఒకే చర్య. ఎంట్‌ఆయ్‌సెరుంగ్‌లోని రెండర్థాలు ఇక్కడ ఒకే పాత్రలో కలుస్తున్నాయి. తరువాత లోకం అతడికి పరాయి అవుతుంది. అది ఎంట్‌ఫ్రెమ్‌డుంగ్. మొదటిది కారణం, రెండోది ఫలితం. రెంటినీ 'పరాయీకరణ' అనే ఒక్క సంచిలో వేస్తే నవలలోని ఈ కార్యకారణ సంబంధం కనిపించదు. నవల మొదటి భాగం కేవలం ఉపోద్ఘాతంలా తోస్తుంది. నేను కూడా కొన్నేళ్లు అలాగే చెప్పాను.

నవీన్ 'అంపశయ్య' (1969)కు వచ్చేసరికి మరో చిక్కు. తెలంగాణ పల్లె నుంచి ఉస్మానియాకు వచ్చిన రవి ఒక్కరోజు చైతన్య స్రవంతిని పరాయీకరణకు ఉదాహరణగా చూపడం సులభం. కాని రవి తాను తయారుచేసినదేదీ తనకు ఎదురుతిరగడం చూడడు. అతడు ఇంకా ఏమీ తయారుచేయలేదు, విద్యార్థి. డబ్బు లేమి, పరీక్షల భయం, కాంక్ష, ఊరి జ్ఞాపకం అతణ్ని చుట్టుముట్టి ఉంటాయి. అతడి అనుభవం కొత్తచోట ఇమడలేకపోవడం. దానికి 'అపరిచితత్వం' అనో 'బిక్కు' అనో అనాలి. మార్క్స్ చెప్పినది చూడాలంటే గోదావరిఖని వైపు చూడాలి. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటివారు సింగరేణి జీవితం గురించి రాసిన కథల్లో కార్మికుడు తవ్విన బొగ్గు అతడి బతుకుకు వెలుగు ఇవ్వదు. అతడు తవ్వుకుంటూ పోయిన గనే అతడి ఊరి కిందికి వస్తుంది. చేసిన పని చేసినవాడికి ఎదురునిలవడమంటే అది. చిత్రమేమంటే 'అంపశయ్య'కు పరాయీకరణ అని పేరు పెట్టిన పాఠకులే ఈ కథలకు 'కార్మిక సాహిత్యం' అన్న పేరు పెట్టి అక్కడితో ఆగిపోతున్నారు.

హైమెన్‌డార్ఫ్: జర్మన్ మాతృభాష, ఇంగ్లీషు నివేదిక, ఆదిలాబాద్ భూమి

ఉత్తర తెలంగాణకు జర్మన్ విద్యాలోకంతో ఏర్పడిన అత్యంత గాఢమైన సంబంధం క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్. వియన్నాలో 1909లో పుట్టి, ఆ విశ్వవిద్యాలయంలోనే 1931లో డాక్టరేటు పొందాడు. రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు జర్మన్ పాస్‌పోర్టుతో భారతదేశంలో ఉన్నందువల్ల బ్రిటిషు ప్రభుత్వానికి శత్రుదేశీయుడయ్యాడు. హైదరాబాదు రాజ్యం దాటి పోకుండా కట్టడి చేశారు. ఆ కట్టడే మనకు వరమైంది. చెంచులు, కొండరెడ్లు, రాజ్‌గోండుల మీద ఆయన గ్రంథాలు ఆ కాలపు కృషి ఫలితాలు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో మరణించిన తరువాత ఆదిలాబాద్ గోండుల స్థితిని అధ్యయనం చేసి నిజాం ప్రభుత్వానికి నివేదికలిచ్చాడు. మార్లవాయి కేంద్రంగా గోండు పిల్లల చదువు పథకం మొదలైంది. ఆయన భార్య బెట్టీ సమాధి నేటికీ మార్లవాయిలో ఉంది.

ఆయన్ను గురించి తెలుగులో రెండు రకాలుగా రాస్తాం. గిరిజన బంధువుగా స్తుతిస్తాం, లేదా సమాచారం తీసుకుని ఊరుకుంటాం. ఆయన చదువు ఎక్కడిదో అడగం. వియన్నాలో అప్పుడు ప్రబలంగా ఉన్నది సంస్కృతులను చారిత్రక పొరలుగా విడదీసి చూసే పద్ధతి. హైదరాబాదు ఆదివాసులపై ఆయన గ్రంథమాల క్రమాన్ని గమనించండి: మొదట ఆహార సేకరణపై బతికే చెంచులు (1943), తరువాత పోడు చేసే కొండరెడ్లు (1945), ఆ తరువాత నాగలి పట్టిన గోండులు (1948). ఇది ఆయన తిరిగిన క్రమం కూడా కావచ్చు. పైగా అప్పటికే లండన్‌లో మాలినోవ్‌స్కీ దగ్గర వేరే పద్ధతి నేర్చుకున్నాడు. అయినా ఆ మెట్ల వరుసను చూసినప్పుడు వియన్నా నీడ గుర్తుకు రాకపోదు. ఈ అనుమానాన్ని బలపరచాలన్నా, కొట్టివేయాలన్నా ఆయన గురువుల తరం రాసినది చదవాలి. అది జర్మన్‌లో ఉంది. నాగాల మధ్య ఆయన రాసుకున్న దినచర్యలు కూడా జర్మన్‌లో ఉండగా, తరువాత ఇంగ్లీషులోకి అనువదించవలసి వచ్చింది.

ఇక మన మాటకు వద్దాం. గోండుల దుఃస్థితికి ఆయన చూపిన ముఖ్య కారణాల్లో ఒకటి ఇంగ్లీషులో 'భూమి ఎలియనేషన్'. తెలుగు రెవెన్యూ భాషలో దీన్ని 'అన్యాక్రాంతం' అంటాం. ఈ మాటను కొంచెం నిలిపి చూడాలి. ఇంగ్లీషు న్యాయపరిభాషలో ఎలియనేషన్‌కు కర్త యజమాని. అతడే బదలాయిస్తాడు. జర్మన్ ఫెర్‌ఆయ్‌సెరుంగ్‌లోనూ అంతే. 'అన్యాక్రాంతం'లో కర్త అన్యుడు. ఆక్రమించినవాడు. పట్టా లేని గోండు భూమి రిజర్వు అడవిలో కలిసిపోయినప్పుడు, అప్పుకింద షావుకారి చేతికి పోయినప్పుడు గోండు ఏమీ 'బదలాయించలేదు'. జరిగినదాన్ని ఉన్నదున్నట్లు చెప్పిన మాట మూడు భాషల్లోనూ తెలుగే. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ (ఊళ్లలో '1/70'గానే తెలుసు) పేరులో 'బదలాయింపు' అన్నాయి. జనం నోట మాత్రం 'అన్యాక్రాంతం' నిలిచింది. సాహిత్య విమర్శ వాడే 'పరాయీకరణ'లో ఎవరు పరాయి చేశారన్న ప్రశ్న మరుగుపడుతుంది. రెవెన్యూ కాగితంలో అది మరుగుపడలేదు. విమర్శకులు ఈ విషయంలో పట్వారీ నుంచి నేర్చుకోవలసినది ఉంది, ఆ పట్వారీ అన్యాక్రాంతానికి తానే సాయపడినవాడైనా సరే.

బ్రెహ్ట్, ఒగ్గుకథ

1935లో మాస్కోలో చైనా నటుడు మెయి లాన్‌ఫాంగ్ ప్రదర్శన చూసిన తరువాత బ్రెహ్ట్ ఆలోచనలో ఫెర్‌ఫ్రెమ్‌డుంగ్ అన్న మాట స్థిరపడింది. రోజూ చూసేదాన్ని ప్రేక్షకుడు కొత్తగా, వింతగా చూసేట్లు చేయడం దాని ఉద్దేశం. అట్లా చూసినప్పుడే ఇది ఇలాగే ఎందుకు ఉండాలన్న ప్రశ్న పుడుతుంది. జాన్ విల్లెట్ 1964లో ప్రచురించిన సంకలనం దీన్ని 'ఎలియనేషన్ ఎఫెక్ట్' అంది. ఆ దారిలో తెలుగులోకి వస్తే మళ్లీ 'పరాయీకరణ'కే చేరుతాం. ఫలితం విపరీతం. మార్క్స్‌కు పరాయీకరణ ఒక రోగం. బ్రెహ్ట్‌కు ఫెర్‌ఫ్రెమ్‌డుంగ్ ఆ రోగాన్ని పట్టి చూపే సాధనం. రోగానికీ పరీక్షకూ ఒకే పేరు పెట్టినట్లవుతుంది. రెండోదానికి 'అపరిచితీకరణ' తగిన మాట. తరగతి గదిలో నేను 'వింతచేయడం' అని చెబుతాను, పిల్లలకు అది తొందరగా అందుతుంది. అలంకారశాస్త్రం చదివినవారికైతే, భట్టనాయకుని సాధారణీకరణకు ఎదురుదిశలో నడిచే వ్యాపారమని చెప్పవచ్చు.

ఈ సందర్భంలో మన పరిశోధన పత్రాల్లో తరచు కనిపించే ఒక తొందరపాటును ప్రస్తావించక తప్పదు. ఒగ్గుకథలో కథకుడు ఒక వాక్యంలో మల్లన్న, మరు వాక్యంలో కథకుడు. డోలు దెబ్బతో పాత్రలోకి పోతాడు, వంతవాడు వేసిన ప్రశ్నతో బయటికి వస్తాడు. మిద్దె రాములు వంటి కళాకారులు ఈ రాకపోకల్లో సిద్ధహస్తులు. ఇది చూసి 'ఒగ్గుకథలో బ్రెహ్ట్ పద్ధతి' అని శీర్షిక పెట్టడం సులభం. జర్మన్ మాటలోని 'ఫెర్' ఉపసర్గ ఉన్నదాన్ని మార్చడాన్ని సూచిస్తుంది. బ్రెహ్ట్ ముందు మార్చవలసిన రంగస్థలం ఒకటి ఉంది, ప్రేక్షకుణ్ని భ్రమలో ముంచే యూరపు నాటకశాల. ఒగ్గు పూజారి ముందు ఆ భ్రమ ఎన్నడూ లేదు. లేని భ్రమను పగలగొట్టే అవసరమూ లేదు. పైగా ఆయన చెప్పే కథ పట్నం వేసి చేసే పూజలో భాగం. భక్తుడు మల్లన్నను వింతగా చూడాలన్నది ఆయన ఉద్దేశం కానే కాదు. పోలిక రూపంలో ఉంది, ప్రయోజనంలో లేదు. ఈ తేడాను చెప్పకుండా ఒగ్గుకథకు జర్మన్ యోగ్యతాపత్రం కట్టబెట్టడం ఒగ్గుకు గౌరవం కాదు.

విశ్వవిద్యాలయాల్లో జర్మన్: ఎవరికోసం

హైదరాబాదులో జర్మన్ బోధనకు కొదవ లేదు. 1958లో ఇంగ్లీషు బోధనకోసం ఏర్పడిన కేంద్రీయ సంస్థ 1972లో విదేశీ భాషలనూ కలుపుకొని సీఫెల్ అయింది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా, ఇఫ్లూగా మారింది. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల నుంచి అక్కడికి నడిచి పోవచ్చు. ఆ నడకను తెలుగు పరిశోధకులు ఎంత అరుదుగా నడిచారో మన సిద్ధాంత వ్యాసాల ఆధార గ్రంథ పట్టికలు చెబుతాయి. అటువైపు నుంచి కూడా రాకపోకలు తక్కువే. గోథే 'విశ్వసాహిత్యం' అన్న భావనను 1827లో ప్రతిపాదించాడని అక్కడ చదువుకునే విద్యార్థి, ఆ గోథే మెచ్చిన 'శాకుంతలం' జర్మన్ అనువాదం 1791లో ఇంగ్లీషు నుంచి చేసినదని కూడా చదువుకుంటాడు. అంటే వారు కూడా ఒకప్పుడు మనల్ని ఇంగ్లీషు కిటికీలోంచే చూశారు. తరువాత సంస్కృత పీఠాలు పెట్టుకుని కిటికీ వదిలి గుమ్మంలోకి వచ్చారు. మనం ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాం.

నేను పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో నగరంలో ఏడాదిపాటు సాయంత్రపు తరగతులకు వెళ్లాను. తోటి విద్యార్థుల్లో ఇంజనీర్లు, నర్సులు ఎక్కువ. నేడు టామ్‌కామ్ వంటి ప్రభుత్వ సంస్థే నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది. పెద్దపల్లి, జగిత్యాల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయిన తరం పిల్లలు నేడు జర్మనీ వైపు చూస్తున్నారంటే సంతోషమే. పాఠ్యపుస్తకం వారికి తగినట్లే ఉంటుంది: రైలు టిక్కెట్టు, డాక్టరు అపాయింట్‌మెంటు, అద్దె ఇంటి ఒప్పందం. సంస్కృతి అంటే పండుగలు, రొట్టెలు, చెత్త వేరుచేసే పద్ధతి. హెగెల్ వాక్యం అక్కడ ఎదురుకాదు, ఎదురుకావాలని కోరడం కూడా అన్యాయం. పరిశోధకునికి కావలసింది వేరు. మాట్లాడడం రాకపోయినా నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు పేజీలు నమ్మకంగా చదవగల శక్తి కావాలి. 'పఠనానికి జర్మన్' అనే రెండు సెమిస్టర్ల పాఠ్యాంశాన్ని పి.హెచ్.డి. కోర్సువర్క్‌లో ఐచ్ఛికంగా పెట్టడానికి కొత్త శాఖ అక్కర లేదు, పక్క ప్రాంగణంతో ఒక ఒప్పందం చాలు. ఒక విద్వత్సభలో నేను ఈ మాట అన్నప్పుడు, ముందు తెలుగు సరిగా రానివ్వండి అని జవాబు వచ్చింది. సభ నవ్వింది. కాని ఈ వ్యాసంలో 'అన్యాక్రాంతం' బలం నాకు తెలిసింది జర్మన్ పక్కన పెట్టి చూసినప్పుడే.

మిగిలిన ఒక మాట

ఎంట్‌ఆయ్‌సెరుంగ్‌కు తెలుగు మాట ఇంకా కుదరలేదు. 'బాహ్యీకరణ' అంటే లోపలిది బయటపెట్టడం వస్తుంది, ఆస్తి పోవడం రాదు. 'బదలాయింపు' అంటే ఆస్తి వస్తుంది, మనిషి రాడు. 'పరిత్యాగం'లో పుణ్యం వాసన ఉంది. మార్క్స్ అధ్యాయంలోని కొన్ని పేరాలను జర్మన్ నుంచి తెలుగు చేసే ప్రయత్నంలో ఉన్నాను. ఆ పనిలో పడి, పై ప్రశ్న వేసిన విద్యార్థిని ఒకసారి అడిగాను, భూమి పోయిన సంగతిని మీ తాత ఏ మాటతో చెబుతాడని. "చెయ్యి దాటింది అంటడు సార్. భూమికైనా అంటడు, మా చిన్నాయన మాట వినకపోతె గూడ అదే అంటడు" అన్నాడు. భూమికీ మనిషికీ రెంటికీ చెల్లే క్రియ అది. దాన్ని నామవాచకం చేసి 'చేదాటు' అంటే కృతకంగా ఉంటుందా అన్నది తేలలేదు. ప్రస్తుతానికి రాతప్రతిలో ఆ చోట పెన్సిల్‌తో రాసి ఉంచాను.